గరిట ముట్టని దైవాధీనం

"గరిట పట్టేవాడు వట్టి వంటవాడు. గరిట పట్టకుండా వండేవాడే పాకబ్రహ్మ!"

ఈ తీర్పు బందరు గొడుగుపేటలో, తమ ఇంటి వడుగు పందిట్లో, ఆఖరి బంతి లేచి చేతులు కడుక్కుంటుండగా, ప్లీడరు వెంకటసుబ్రహ్మణ్యం గారు తాంబూలం నములుతూ చెప్పారు. ఆయన మాట జిల్లా కోర్టులో ఎంతవరకు చెల్లేదో ఆయనకు కేసులిచ్చిన పార్టీలకే తెలియాలి గాని, భోజనాల పందిట్లో మాత్రం దానికి తిరుగుండేది కాదు. విన్నవాళ్ళంతా తలలూపారు. ఆ పూటతో అది చట్టమైపోయింది. అప్పీలు లేదు!

ఎవరిని గురించి ఆ తీర్పు వెలువడిందో ఆ దైవాధీనం సరిగ్గా ఆ క్షణాన పందిరి వెనక వంటపాకలో కుర్చీలో కూర్చుని, ముక్కు మీద వాలిన ఈగను తోలడానికి చెయ్యెత్తడమా, తల విదిలించడమా అని ఆలోచిస్తున్నాడు. రెండూ నొప్పే. చివరకు ఈగనే ఉండనిచ్చాడు.

దైవాధీనానిది కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం. బతుకుతెరువుకు బందరు వచ్చి ఈడేపల్లిలో కాపురం పెట్టాడు. బందరు నుంచి గుడివాడ దాకా, అటు దివిసీమలో అవనిగడ్డ దాకా, ఆయన చేతి వంటకు పేరు. పురోహితుణ్ణి అడిగి ముహూర్తం పెట్టుకున్నవాళ్ళ కంటే, ముందు దైవాధీనం ఖాళీయేనా అని కనుక్కుని ఆ తర్వాత పురోహితుణ్ణి పిలిచినవాళ్ళే ఎక్కువ.

అలాంటి మనిషికి నొప్పులు పట్టుకున్నాయి. ఫలానాచోట అని చెప్పడానికి లేని నొప్పులు! పొద్దున మెడ. మధ్యాహ్నానికి అక్కణ్ణించి బదిలీ అయి మోకాళ్ళ దగ్గర ఛార్జి పుచ్చుకునేవి. సాయంత్రం భుజం సెలవు పెట్టేది. దాని పని కూడా నడుమే చూడాలి కదా, అందుకని నడుమూ సెలవు పెట్టేది. "నా ఒళ్ళు కలెక్టరు కచేరీ అయిపోయిందే. ఏ బల్ల దగ్గరకి వెళ్ళినా గుమాస్తా ఉండడు," అనేవాడు భార్య మంగతాయారుతో. కొన్నాళ్ళు హాయిగా గడిచేది. మబ్బు పట్టినా, ముందురోజు పెద్ద వంట చేసినా, నిద్ర చాలకపోయినా మళ్ళీ మొదలు. ఒక్కొక్కప్పుడు ఉత్తరీయం తగిలితేనే ఒళ్ళు మండేది. రాత్రంతా పడుకుని కూడా, రాత్రంతా రోకలిపోటు వేసినవాడిలా లేచేవాడు. వీటన్నిటికంటే అవమానం, ఆ రోజుల్లో బుర్ర కూడా పొగచూరిపోయేది. పప్పులో ఉప్పు వేశానా లేదా అని నిలబడి ఆలోచించి ఆలోచించి, వేసిన ఉప్పే మళ్ళీ వేసేవాడు.

వైద్యం జరగలేదని కాదు. గొడుగుపేట వైద్యుడు నాడి పట్టుకుని "వాతం" అన్నాడు. కషాయాలన్నీ తాగినా తగ్గకపోయేసరికి "వాతం కాదు" అన్నాడు. ఎల్.ఎం.పి. డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి, మోకాలి మీద కొట్టి, "దున్నపోతులా ఉన్నావు. నీకే రోగమూ లేదు" అని అభినందించి, అభినందనకు ఫీజు పుచ్చుకున్నాడు. హకీము పీర్ సాహెబ్ గారొక్కరే ఆయన చెయ్యి పట్టుకుని వేళ్ళన్నీ నొక్కి చూసి, "కనపడని నొప్పి బాబూ. నన్ను కనుక్కోమంటే నాకూ ఏమీ దొరకలేదు. కాని నువ్వు అబద్ధం ఆడటం లేదు" అన్నారు. అని ఒక తైలం సీసా ఇచ్చారు. తైలంతో నొప్పి తగ్గలేదు. ఆ మాటతో కాస్త తగ్గింది.

ఈ సంగతి ఊళ్ళో పొక్కకూడదు. పొక్కితే దైవాధీనం పని అంతే! శుభకార్యానికి రోగిష్టి చెయ్యా? ముత్తయిదువలు ముక్కున వేలేసుకోరూ? అంచేత ఇంట్లో మంగతాయారుకూ, ఆవిడ అన్న శివరామయ్యకూ తప్ప ఇంకెవరికీ తెలియనివ్వలేదు. ఈ శివరామయ్యే వంటల్లో ఆయనకు కుడిభుజం. మనిషి ఏనుగంత. పెద్ద గుండిగను ఒక్కడూ దించేస్తాడు. ఉప్పు విషయంలో మాత్రం పరమహంస. ఉన్నా, లేకపోయినా ఆయనకు సమానమే.

ఆ వడుగు రోజు తెల్లవారేసరికి దైవాధీనానికి పిడికిలి బిగియలేదు. గరిట మాట దేవుడెరుగు, మొలతాడు సర్దుకోవడానికే శివరామయ్య సాయం కావలసివచ్చింది. పీట మీద కూర్చుంటే లేవలేడు కనక, శివరామయ్య వెళ్ళి ప్లీడరుగారి కచేరీ గదిలో పార్టీలు కూర్చునే కుర్చీ ఒకటి ఎత్తుకొచ్చి గాడిపొయ్యికి ఎదురుగా వేశాడు. దైవాధీనం అందులో కూలబడి, పళ్ళు బిగించి, కళ్ళు మూసుకున్నాడు. అప్పుడే ప్లీడరుగారు పెద్దమనుషులను వెంటపెట్టుకుని వంటపాకలోకి వచ్చారు.

"ఏమోయ్ దైవాధీనం! మా ఇంట్లో వడుగా, నీకు పెళ్ళా? కొత్తల్లుడిలా కుర్చీ వేసుక్కూచున్నావ్?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. లేద్దామంటే కాళ్ళు లేవవు. నొప్పి అందామంటే ఆ కబురు తనకంటే ముందు ఊరంతా పాకుతుంది.

"వాసన పడుతున్నానండీ," అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"వాసనేమిటోయ్?"

"వడ్డన కాకుండా మేం రుచి చూడకూడదు కదండీ, ఎంగిలవుతుంది. మా వంటంతా ముక్కు మీదే కదండీ నడిచేది. గరిట పట్టుకుంటే ఆ తిప్పుడూ, ఆ చప్పుడూ ముక్కుకి అడ్డం వస్తున్నాయండీ. అందుకని గరిట మానేశాను."

ఇందులో సగం నిజమే. నాలుక మీద వేసుకున్న వంటకం పంక్తిలో వడ్డించడానికి పనికిరాదు. అంచేత ఉప్పూ, పులుపూ తేల్చుకోవలసింది వాసనను బట్టి, రంగును బట్టి, ఉడుకు చప్పుడును బట్టి. మిగతా సగం మాత్రం నొప్పి చెప్పించింది.

పెద్దమనుషులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్ళు నమ్మలేదని దైవాధీనానికి అర్థమైంది. ఇక తెగించి, "శివరామయ్యా! రెండో గుండిగలో ఉప్పు పడలేదు!" అని కేకేశాడు.

శివరామయ్య నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "నిజమే బావా! మర్చేపోయాను!"

శివరామయ్య ఏ ఊళ్ళోనూ, ఏ పెళ్ళిలోనూ రెండో గుండిగలో ఉప్పు వేసి ఎరగడు. ఆ సంగతి చెప్పడానికి ముక్కు అక్కర్లేదు, అతనికి బావ అయితే చాలు. కాని పెద్దమనుషులకు ఆ చుట్టరికం లేదు కదా! నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు. అదుగో, ఆ తర్వాతే ప్లీడరుగారు పైన చెప్పిన తీర్పు చెప్పారు. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందట. గరిట ఎత్తలేనివాడు బ్రహ్మ అయ్యాడు!

ఇక చూసుకోండి! గరిట పట్టే వంటవాణ్ణి పిలవడం మర్యాదస్థులకు నామర్దా అయిపోయింది. "మా ఇంట్లో దైవాధీనం గారు కుర్చీలోంచి లేవనే లేదు తెలుసా!" అని ఒకరంటే, "మా ఇంట్లో కళ్ళు కూడా తెరవలేదండీ!" అని ఇంకొకరు. నొప్పి ఎంత ఎక్కువైతే మహిమ అంత ఎక్కువయ్యేది. ఎండాకాలంలో శాలువా కప్పుకుంటే తపస్సన్నారు. ఎవరైనా భుజం మీద చెయ్యి వేయబోతే ఆయన అదిరిపడి తప్పుకునేవాడు. అది కఠినమైన మడి అన్నారు. అవనిగడ్డలో ఒకాయన పేరు దైవాధీనం మూడుసార్లు అడిగి మూడుసార్లూ మరిచిపోతే, ఆయన కోప్పడకపోగా, "పరధ్యానంలో ఉన్నారు, కదిలించకండి" అని చేతులు జోడించాడు. గొంతు సవరించుకోవడం దగ్గర్నుంచి ఆవలింత దాకా దైవాధీనం ఏం చేసినా దానికి ఊళ్ళో భాష్యం పుట్టేది. ఆయన ఊరుకునేవాడు. ఒళ్ళంతా నొప్పులు పెట్టుకుని నవ్వడం కూడా కష్టమే.

వంట సంగతి? వంట శివరామయ్యది! పులుసు ఒకచోట చింతపండు నీళ్ళు, ఒకచోట వట్టి నీళ్ళు. బూరెలు విసిరితే గోడకు బొక్కపడేవి. అయినా తిన్నవాళ్ళు కళ్ళు మూసుకుని, "ఆహా! ఆ వాసన చూశారూ!" అనేవారు. బాగాలేదన్నవాడు రుచి తెలియనివాడవుతాడు కదా! ఎవడనుకుంటాడు? విస్తళ్ళలో మాత్రం సగానికి సగం మిగిలిపోయేది. పెరట్లో కాకులకూ, కుక్కలకూ పండగ.

దైవాధీనం ఆ వంట ముట్టేవాడు కాదు. ఉపవాసం అనుకుని జనం దాన్ని కూడా లెక్కలో వేసుకున్నారు. నిజానికి ఆయన ఇంటికి వెళ్ళి తినేవాడు. ఎంత నొప్పిలోనూ తిండి దగ్గర రాజీపడని మనిషి. "ఒళ్ళు నొప్పెడితే మధ్యలో నాలుకేం పాపం చేసిందే?" అనేవాడు. ఇంట్లో ఆయన తన కోసం ఒక ఏర్పాటు చేసుకున్నాడు. ఒళ్ళు కాస్త తెరిపిచ్చిన రోజుల్లో కందిపొడి, కరివేపాకు కారం, చారుపొడి తనే దగ్గరుండి వేయించి, మంగతాయారు చేత దంపించి జాడీల్లో పెట్టించేవాడు. దానికి క్షామనిధి అని పేరు పెట్టాడు. నొప్పి రోజున ఆ నిధి తీసేవాడు. వంగే పని లేకుండా ఇటుకలు పేర్చి పొయ్యి ఎత్తు చేసుకున్నాడు. గోడకు చేరగిలబడి, బియ్యమూ పెసరపప్పూ లేత బీరకాయ ముక్కలూ ఒకే గిన్నెలో పడేసి, మీద అల్లం, జీలకర్ర, నెయ్యి పోపు. పక్కన వాము వేసిన చారు. బరువున్న గిన్నె మంగతాయారు దించేది. తిప్పడం మాత్రం ఆయనే. గుప్పెట మూయలేని రోజున రెండు అరచేతుల మధ్యా చిన్న గరిట ఇరికించుకుని తిప్పేవాడు. మనిషి లేవలేని స్థితిలో వండిన ఆ కాస్త అన్నం తింటుంటే, మంగతాయారుకు కోపమూ వచ్చేది, కళ్ళనీళ్ళూ వచ్చేవి. రెండిట్లో ఆవిడ కోపాన్నే బయటపెట్టేది.

"ఊరందరికీ మా అన్నయ్య వంట. నాకొక్కదానికి మీ వంట. ఈ అదృష్టం ఎవరితోనైనా చెప్పుకుందామంటే వీల్లేదు కదా!"

"ఎగతాళి చెయ్యకే. పేరు నాది, ఉప్పు మీ అన్నయ్యది. తిన్నవాళ్ళు నన్ను పొగుడుతుంటే ఎలా ఉంటుందో తెలుసా? నేను చచ్చిపోయినట్టూ, వీళ్ళు నా గురించి మంచిమాటలు చెప్పుకుంటున్నట్టూ ఉంటుంది."

హాస్యానికే అన్నాడు. కాని చేత్తో వండి నలుగురికి పెట్టడం తప్ప ఆయనకు ఇంకో సంతోషం తెలియదు. అదే పోయింది. పేరు మాత్రం మిగిలింది.

అలా ఉండగా గుడివాడ నుంచి కబురొచ్చింది. సోమేశ్వరరావు గారని ధాన్యం మిల్లు ఆసామి, ఆయనకు షష్టిపూర్తి. శుభలేఖలోనే అచ్చు వేయించారు, "పాకబ్రహ్మ శ్రీ దైవాధీనం గారి సమక్షమున వంట జరుగును" అని! వంటపాకలో అరుగు కట్టించి, దాని మీద మఖమలు దిండ్ల కుర్చీ వేయించారు. భోజనాలకు ముందు అతిథులంతా ఆ కుర్చీ ముందు నుంచి నడిచివెళ్ళి, పాకబ్రహ్మ వాసన పడుతుండగా చూసి, అప్పుడు విస్తళ్ళ దగ్గరికి వెళ్ళాలని ఏర్పాటు. ప్లీడరు వెంకటసుబ్రహ్మణ్యం గారు బందరు నుంచి ప్రత్యేకంగా వచ్చారు. తీర్పు ఇచ్చింది ఆయనే కదా, అమలు చూసుకోవద్దూ?

ముందురోజే రైల్లో వెళ్ళి దిగారు దైవాధీనం, శివరామయ్య. తెల్లవారుజామున దైవాధీనం లేచి కూర్చున్నాడు. కూర్చున్నాక గాని తనంతట తానే లేచానని తెలియలేదు. అనుమానంతో వేళ్ళు ముడిచి చూసుకున్నాడు. ఏ వేలూ సెలవు చీటీ ఇవ్వలేదు. మెడ తిప్పాడు, తిరిగింది. నీళ్ళ చెంబు ఎత్తాడు, లేచింది. ఎన్ని నెలలకో! ఆయనకు ఏడుపు వచ్చినంత పనైంది. నొప్పికి ఎన్నడూ ఏడవని మనిషి, నొప్పి లేనందుకు ఏడిస్తే బాగుండదని మొహం కడుక్కున్నాడు.

"బావా, కుర్చీకి దిండ్లు కూడా వేశారు. పద," అన్నాడు శివరామయ్య.

"కుర్చీ సంగతి తర్వాత. ఆ తెడ్డు ఇలా పారెయ్."

"వద్దు బావా! ఆసామి చూస్తే కొంపలంటుకుంటాయి. శుభలేఖలో అచ్చేయించాడు!"

"అచ్చేయిస్తే వెయ్యనీ. నా చేతులు నాకొచ్చాయోయ్! మళ్ళీ ఎప్పుడు పోతాయో నాకే తెలీదు. ఇవాళ కూచోమంటే నేను కూచోలేను."

ఇక ఆయన వండాడు చూడండి! పనసపొట్టు కూర దించి, వేడి కాస్త చల్లారనిచ్చి అప్పుడు ఆవ కలిపాడు. పొయ్యి మీద కలిపితే చేదెక్కుతుందని శివరామయ్యకు చెప్పి చెప్పి నోరు పడిపోయింది ఇన్నాళ్ళూ. కందా బచ్చలి, గుమ్మడికాయా ములక్కాడా చిలగడదుంపా వేసిన ముక్కల పులుసు, పులిహోర. బూరెలు నూనెలో తేలుతుంటే ఆ చప్పుడు విని వెనక్కి తిరక్కుండానే "తియ్యి, ఇప్పుడు తియ్యి!" అనేవాడు. ఒంటి మీద చెమట కాలవలు కట్టింది. రెండో గుండిగలో ఉప్పు కూడా పడింది. పంచె ఎగ్గట్టి, ముక్కల పులుసు కాగుతుంటే తెడ్డు తిప్పుతూ కూనిరాగం తీస్తున్నాడు. అదే సమయానికి సోమేశ్వరరావు గారు అతిథులందరినీ వెంటపెట్టుకుని వంటపాకలోకి వచ్చారు.

కుర్చీ ఖాళీ! దిండు మీద శాలువా మాత్రం ఉంది.

"అయ్యో! గరిట పట్టారే!" అంది ఒక పెద్దావిడ, పెళ్ళికొడుకు పరారైనట్టు.

తేలు కుట్టిన దొంగల్లా ఒక్కరొక్కరే విస్తళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. వడ్డన మొదలైంది. "చెయ్యి తగిలినట్టు తెలుస్తూనే ఉంది," అన్నాడొకాయన, పనసపొట్టు కూర మారు వడ్డించుకుంటూ. "ఆ పాత వాసన లేదండీ," అన్నాడు పక్కాయన, ముక్కల పులుసు అరచేతిలో పట్టి జుర్రుతూ. "పాపం, పతనమైపోయాడు," అని ప్లీడరుగారు నిట్టూర్చి, ఇంకో నాలుగు బూరెలు వేయించుకున్నారు. బంతి లేచాక చూస్తే, విస్తళ్ళు కడిగి ఆరబెట్టినట్టున్నాయి. పెరట్లో కాకులు కాసేపు అరిచి, ఇక లాభం లేదని ఎగిరిపోయాయి. వడ్డించిన శివరామయ్య ఒక్కడే ఆ సంగతి గమనించాడు. కాని అతణ్ణి ఎవరూ సాక్ష్యానికి పిలవలేదు.

సాయంత్రం మిల్లు వసారాలో విచారణ. సోమేశ్వరరావు గారు పడక్కుర్చీలో, ప్లీడరుగారు పక్కన. దైవాధీనం ఎదురుగా నిలబడ్డాడు.

"నేను పిలిచింది పాకబ్రహ్మని. వంటవాళ్ళు కావాలంటే మా గుడివాడలో కరువా?" అన్నారు సోమేశ్వరరావు గారు. "నలుగుర్లో నా తల కొట్టేసినంత పని చేశావు."

దైవాధీనానికి విసుగెత్తిపోయింది. ఉన్నమాట చెప్పేస్తే పోయేదేముంది, మహా అయితే బతుకుతెరువు!

"మహిమా లేదు, గిహిమా లేదండీ. నాకు ఒళ్ళంతా నొప్పులు. చెయ్యి లేవని రోజున కుర్చీలో కూచున్నాను. ఇవాళ లేచింది, వండాను. ఇంతేనండీ సంగతి."

ప్లీడరుగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "నొప్పులా? డాక్టరు సర్టిఫికెట్టు ఉందా?"

"లేదండీ. అందరూ రోగం లేదనే చెప్పారండీ."

"అలా రా దారికి! రోగం లేదని వైద్యులే చెప్పారు కనక నువ్వు రోగివి కావు. రోగివి కానప్పుడు కుర్చీలో కూచున్నది మహిమ వల్లనే. ఆ మహిమ ఉన్నవాడివి ఇవాళ గరిట ముట్టావు కనక, తప్పు చేశావు. తప్పు కప్పిపుచ్చుకోడానికి రోగం కల్పించావు. ఇది రెండో తప్పు!"

సోమేశ్వరరావు గారు బల్ల చరిచారు. "భేష్! నేను వెయ్యబోయే దావా కూడా మీకే అప్పగిస్తాను!"

మరి శిక్ష? మాఘమాసంలో ఆసామి గారి మనవరాలి పెళ్ళి. దానికి దైవాధీనమే రావాలి, కుర్చీలో కూర్చోవాలి, తాళి కట్టి అప్పగింతలయ్యేదాకా గరిటవైపు చూడకూడదు. ఒప్పుకుంటే సరి, లేకపోతే ఈ జిల్లాలో పందిరి గుంజ తాకలేడు. దైవాధీనం కక్కలేక మింగలేక తలూపాడు. నిజం చెబితే రోగిష్టి అంటారని ఇన్నాళ్ళూ భయపడ్డాడు. నిజం చెబితే నమ్మనే నమ్మరని ఆయనకు తోచలేదు. "ఎంత తెలివితక్కువవాడినే," అన్నాడు ఇంటికి వచ్చి మంగతాయారుతో. "రహస్యం దాచుకోడానికి అంత అవస్థపడ్డాను. వీధిలో నిలబడి అరిచినా ఎవరూ వినరని తెలిస్తే, హాయిగా నిద్రపోయేవాణ్ణి."

నిద్ర మాట అటుంచి, ఆ మర్నాటి నుంచీ ఒళ్ళు పగబట్టింది. ఒక్కరోజు ఆనందానికి జరిమానా! కచేరీ మొత్తం మూకుమ్మడిగా సెలవు పెట్టింది. పీర్ సాహెబ్ గారి తైలం సీసా ఖాళీ అయింది. వంటింటి గుమ్మం దగ్గర పాత పడక్కుర్చీ వేయించుకుని, కళ్ళు మూసుకుని అందులో పడి ఉన్నాడు. "మళ్ళీ వండుతారా అలా?" అని మంగతాయారు కోపంగా అడిగితే, "వండుతానే. ఆ రోజు నాది" అన్నాడు.

ఆదివారం పగటివేళ. దొడ్డిగుమ్మం మీద ఎవరో మెల్లగా తట్టారు. మంగతాయారు తలుపు తీస్తే ప్లీడరు వెంకటసుబ్రహ్మణ్యం గారు! వీధిగుమ్మం ఉండగా దొడ్డిదారిన వచ్చారు. ఉత్తరీయం కింద ఏదో ఉబ్బెత్తుగా ఉంది.

"ఏం లేదోయ్," అన్నారు లోపలికి వచ్చి, గొంతు తగ్గించి. "ఆ రోజు నుంచీ నాకు ముద్ద దిగడం లేదు. కూచున్నా, నుంచున్నా ఆ ముక్కల పులుసే. మా ఇంట్లో కాస్తారు గాని..." ఉత్తరీయం కింద నుంచి మూతగిన్నె తీశారు. "కాస్త నీ చేత్తో చేసిపెట్టు. మూడోకంటివాడికి తెలియకూడదు సుమా!"

"చెయ్యి లేవడం లేదండీ."

"బెట్టు చెయ్యకోయ్!"

దైవాధీనం మొహం చూసి మంగతాయారుకు ఒళ్ళు మండిపోయింది. కాని పెద్దమనిషి, ఏమనగలదు? అంచేత చాలా వినయంగా అంది.

"దానికేముంది ప్లీడరుగారూ. మీ తీర్పు ప్రకారమే కానిద్దాం. ఆయన కుర్చీలో కూచుని వాసన పడతారు. గరిట మీరు పట్టండి."

ప్లీడరుగారు గతుక్కుమన్నారు. అటు పరువు, ఇటు పులుసు. కాసేపు వాదోపవాదాలు మనసులోనే జరిగాయి. పులుసు గెలిచింది. ఉత్తరీయం నడుముకు చుట్టుకుని కత్తిపీట ముందు కూర్చున్నారు. గుమ్మడికాయ తరిగారు, చిలగడదుంప తరిగారు, దానితోపాటు బొటనవేలి గోరు కాస్త తరిగారు. పొయ్యి దగ్గర నిలబడ్డారు. దైవాధీనం కళ్ళు మూసుకునే చెబుతున్నాడు. "మంట తగ్గించండి. ఆపకుండా తిప్పండి. ఆపితే అడుగంటుతుంది. ఆఁ, ఇప్పుడు బెల్లం."

"చేతులు పడిపోతున్నాయోయ్!" అన్నారు ప్లీడరుగారు చెమట తుడుచుకుంటూ. "ఈ ఒక్క గిన్నెకే ఇలా ఉందే, నువ్వు అన్ని గుండిగలు ఎలా తిప్పేవాడివి?"

"పడిపోయినా తిప్పేవాణ్ణండీ. బొత్తిగా లేవని రోజున కూచునేవాణ్ణి."

ప్లీడరుగారు తిప్పుతూ తిప్పుతూ ఆగారు. "ఆ మాట గుడివాడలోనే చెప్పకపోయావా?"

"చెప్పానండీ. తమరు సర్టిఫికెట్టు అడిగారు."

ప్లీడరుగారికి వెంటనే జవాబు దొరకలేదు. కోర్టులో అది ఆయనకు అలవాటే గాని, వంటింట్లో కొత్త. తల వంచుకుని మళ్ళీ గరిట తిప్పడం మొదలుపెట్టారు.

అప్పుడు దొడ్డిగుమ్మం మళ్ళీ చప్పుడైంది. మంగతాయారు తీసింది. ఎదురుగా గుడివాడ సోమేశ్వరరావు గారు, చేతిలో తళతళలాడే క్యారియరు! దావా మాట్లాడదామని బందరు వచ్చి, ప్లీడరుగారు ఇంట్లో లేరంటే, ఈలోగా ఈ చిన్న పని కూడా చూసుకుందామని వచ్చారు. లోపలికి ఒక అడుగు వేసి, కొయ్యబారిపోయారు.

"ప్లీడరు గారూ! తమరు... గరిట పట్టారే!"

ప్లీడరుగారి చేతిలో గరిట గాలిలోనే నిలిచిపోయింది. పులుసు బొట్లుబొట్లుగా ఆయన పంచె మీద పడుతోంది. నోరు తెరిచారు. ఎన్నో కేసులు వాదించిన నోట్లోంచి, "వాసన... వాసన..." అని తప్ప మాట రాలేదు.

"రండి సోమేశ్వరరావు గారూ," అన్నాడు దైవాధీనం కుర్చీలోంచి, కళ్ళు తెరవకుండా, వేలైనా కదపకుండా. "ఆయన్ని పలకరించకండి, అడుగంటుతుంది. గరిట పట్టారు కనక ఆయన వట్టి వంటవాడండీ. పాకబ్రహ్మని నేను. తీర్పు కూడా ఆయనదే. అప్పీలు లేదు."

మంగతాయారు సోమేశ్వరరావు గారి చేతిలోని క్యారియరు అందుకుని పక్కన పెట్టి, ఆయన ముందుకు కత్తిపీట జరిపింది.